రిటైరయ్యాక పల్లెలో స్థిరపడాలంటే ఊరు ఎలా ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం అయిపోయాక పల్లె ప్రాంతానికి మారిపోదామనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. మా పెదనాన్న, పెద్దమ్మ ఇలాగే మారారు. వాళ్లు అక్కడ గడిపిన ఏళ్లన్నీ దగ్గరుండి చూశాను. ఆ తర్వాత కొందరు బంధువులతో, స్నేహితులతో కలిసి ఊళ్లు చూడటానికి తిరిగాను. జవాబులన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే. వైద్యం, నీళ్ల గురించి చెప్పిన లెక్కలు మాత్రం డాక్టర్లు, ఇంజనీర్లు పాటించేవి.

ముందు ఏం చూడాలి? ఇల్లా, ఊరా?

చాలామంది ఇంటితో మొదలుపెడతారు. చెట్ల మధ్య ఇల్లు, వెనకాల కొండ, ఫొటో చూడగానే మనసు అక్కడికే పోతుంది. నా మాట వింటే ఇంటిని ఆఖరున చూడండి. ముందు ప్రాంతం, తర్వాత ఊరు, తర్వాత ఆ ఊళ్లో ఏ వైపు, అప్పుడు ఇల్లు. ఇంట్లో లోపం ఉంటే మేస్త్రీని పిలిచి బాగుచేయించుకోవచ్చు. ఆసుపత్రిని దగ్గరికి జరుపుకోలేం, భూమిలో నీళ్లను మార్చలేం.

ఏ ఊరికి వెళ్లినా నేను ఒకటే ఊహించుకుంటాను. దంపతుల్లో ఒకరు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు 80 ఏళ్లు. బండి నడపలేరు, చూపు మందగించింది. రాత్రి నుంచి జ్వరం, ఇంట్లో మందులు అయిపోయాయి. ఆ రోజు ఈ ఊళ్లో ఎలా గడుస్తుంది? ఎవరికి ఫోన్ చేస్తారు? వాళ్లు ఎంతసేపట్లో వస్తారు? ఈ ప్రశ్నకు పేరు, ఇల్లు, దారితో సహా జవాబు చెప్పగలిగితే ఆ ఊరిని జాబితాలో ఉంచుతాను. ‘ఎవరో ఒకరు ఉంటారులే’ అనే జవాబు వస్తే తీసేస్తాను.

అరవైలో ఆరోగ్యంగానే ఉన్నాం కదా, ఎనభై గురించి ఇప్పుడే టెన్షన్ ఎందుకు?

ఓపిక ఉన్నప్పుడే ఇల్లు మారగలం కాబట్టి. అమెరికాలో యూజీన్ లిట్వాక్, చార్లెస్ లాంజినో అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1987లో ఒక విషయం రాశారు. రిటైరైనవాళ్లు మూడు విడతలుగా ఇల్లు మారుతుంటారట. మొదటిది కాలూ చెయ్యీ ఆడుతున్నప్పుడు, హాయిగా ఉండే చోటు వెతుక్కుంటూ. రెండోది ఒంటరితనమో జబ్బో మొదలై రోజువారీ పనులు కష్టమయ్యాక, పిల్లలకో అయినవాళ్లకో దగ్గరగా. మూడోది పూర్తిగా ఒకరి మీద ఆధారపడ్డాక, సంరక్షణ దొరికే చోటికి. అందరూ మూడూ మారాలని లేదు. కానీ మొదటి ఊరు తెలివిగా ఎంచుకుంటే రెండోసారి మారాల్సిన రోజు ఐదేళ్లో పదేళ్లో వెనక్కి పోతుంది.

మీరు మొదటి విడత దగ్గర ఉన్నారు. అందుకే మీ కంటికి కొండలు, చెరువు, నిశ్శబ్దం కనబడతాయి. అవి వద్దని నేను అనను, వాటికోసమే కదా వెళ్లేది. వాటితోపాటు ఇంకో పదేళ్ల తర్వాత మీ మోకాళ్లకు ఏం కావాలో కూడా ఇప్పుడే చూసుకోమంటున్నాను.

ఆసుపత్రి ఎంత దూరంలో ఉంటే ఫరవాలేదు?

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి. అదీ పగటిపూట మీ కారులో పట్టే నిమిషాలు కాదు. వానాకాలం రాత్రి, ఫోన్ చేసిన క్షణం నుంచి అంబులెన్స్ ఇంటికి వచ్చి, మళ్లీ ఆసుపత్రి గుమ్మం చేరేదాకా పట్టే సమయం.

ఆ సమయం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఇచ్చేముందు స్కాన్ తీసి, అది గడ్డో రక్తస్రావమో తేల్చుకోవాలి. రక్తస్రావమైతే ఆ ఇంజెక్షనే ప్రాణం తీస్తుంది. అంటే మీకు కావలసింది బోర్డు ఉన్న ఆసుపత్రి కాదు, రాత్రి రెండు గంటలకు కూడా సీటీ స్కాన్ తీసి, చూసి చెప్పే మనిషి ఉన్న ఆసుపత్రి. తీవ్రమైన గుండెపోటులో, జబ్బు ఏమిటో తేలాక రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే మంచి దారి. అంతలో కుదరదనుకుంటే దగ్గర్లోనే గడ్డ కరిగించే మందు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. కాబట్టి దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి వెళ్లి నేరుగా అడగండి: ఈసీజీ రాత్రి కూడా తీస్తారా? ఆ మందు మీ దగ్గర ఉందా? పాముకాటు మందు, కుక్కకాటు టీకా స్టాకులో ఉంటాయా? పల్లెలో ఈ చివరి రెండూ లేకపోతే నేను ఆ ఊరి గురించి ఇంకో మాట మాట్లాడను.

ఇక దారి. మా పెదనాన్నకు ఒక తెల్లవారుజామున ఛాతీలో పట్టేసినట్టయింది. అంబులెన్స్ 40 నిమిషాల్లో ఊరికి వచ్చేసింది. ఇంటికి మాత్రం రాలేకపోయింది. వాళ్లింటికి వెళ్లే దారిలో కాలువ మీద ఒక కల్వర్టు ఉంది, కారు పడుతుంది, ఆ బండి పట్టలేదు. డ్రైవర్ రెండుసార్లు ముందుకీ వెనక్కీ తీసి చూసి దిగిపోయాడు. స్ట్రెచర్ చక్రాలు ఆ కంకర రాళ్లలో దిగబడ్డాయి. చివరికి పెదనాన్నను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం నాలుగు కాళ్లు పట్టుకుని కల్వర్టు దాటించాం. పెద్దమ్మ వెనకాల ఆయన చెప్పులు పట్టుకుని నడిచింది. ఆయన ఆ రోజు బతికారు. ఇల్లు కొనేటప్పుడు ఆ కల్వర్టు మీదుగా మేమందరం పదిసార్లు వెళ్లొచ్చాం, ఒక్కరం కూడా టేపు పెట్టి కొలవలేదు. మీరు కొలవండి.

పెద్ద జబ్బుల సంగతి సరే, రోజువారీ వైద్యం?

నిజానికి మనల్ని ఎక్కువగా అలసిపోయేలా చేసేది ఇదే. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైతే సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. ఆ సెంటర్ గంటన్నర దూరంలో ఉంటే రానూ పోనూ కలిపి ఒక రోజు మొత్తం పోతుంది, వారంలో మూడు రోజులు అలాగే. ఏడాదికి 150కి పైగా ప్రయాణాలు. తుంటి విరిగితే నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలి. పళ్లు, కళ్లు, చెవులు అన్నీ ఈ వయసులోనే మనల్ని పిలుస్తాయి.

ఇప్పటికే ఉన్న జబ్బుల జాబితా, మీ అమ్మానాన్నలకు వచ్చిన జబ్బుల జాబితా రాసుకుని, వాటికి ఏ డాక్టర్లు కావాలో చూసుకోండి. మందుల షాపు గురించి కూడా అడగండి. మీరు వాడే మందుల చీటీ పట్టుకెళ్లి, ఇవన్నీ ఇక్కడ నెలనెలా దొరుకుతాయా అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

డ్రైవింగ్ మానేశాక ఎలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అందుకే నేనే అడుగుతుంటాను. అరవై ఏళ్ల కంటిలోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతు. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. వీధిదీపాలు లేని దారిలో ఎదురుగా హెడ్‌లైట్లు పడితే ఏమీ కనబడకపోవడం ఇందువల్లే. ముందు రాత్రి డ్రైవింగ్ మానేస్తారు, తర్వాత వానలో, తర్వాత దూరాలు, ఒకరోజు మొత్తానికే.

ఊరు చూడటానికి వెళ్లినప్పుడు కనీసం ఒక్కసారి కారు వదిలేసి బస్సులో వెళ్లండి. బస్టాపు దగ్గర నిలబడటానికి నీడ ఉందా, కూర్చోవడానికి బల్ల ఉందా, బస్సు మెట్టు ఎంత ఎత్తులో ఉంది, తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికి, అన్నీ మీ ఒంటికే తెలుస్తాయి. పిలిస్తే వచ్చే ఆటో లేదా కారు డ్రైవర్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. ఒక్కడే ఉంటే, అతను ఊరెళ్లిన రోజున మీకు బండి లేనట్టే.

నీళ్ల విషయంలో ఏం చూసుకోవాలి?

రెండు వేర్వేరు సంగతులు. నీళ్లు ఉన్నాయా? ఉన్న నీళ్లు తాగేలా ఉన్నాయా?

మొదటిదానికి ఎండాకాలం చివర్లో వెళ్లాలి. వానలు పడ్డాక ఏ బావి అయినా నిండుగానే కనబడుతుంది. చుట్టుపక్కల బోర్లు ఎంత లోతుకు వేశారు, పదేళ్ల కిందట ఎంత లోతులో నీళ్లు పడేవి, ఈమధ్య ఎవరి బోరైనా ఎండిపోయిందా అని నలుగురిని విడివిడిగా అడగండి. లోతు ఏటికేడు పెరుగుతోందంటే ఆ ఊరి నీళ్లు తరిగిపోతున్నాయన్నమాట. అమ్మే మనిషి ఈ సంగతి చెప్పడు, పక్కింటివాళ్లు చెబుతారు.

రెండోదానికి ల్యాబ్ పరీక్ష తప్ప వేరే దారి లేదు. రుచి బాగుంది, తేటగా ఉంది అనుకోవడం చాలదు. ఫ్లోరైడ్‌కు, ఆర్సెనిక్‌కు, నైట్రేట్‌కు రంగూ రుచీ ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దులు ఇవి: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు. మలంలో ఉండే ‘ఇ.కోలై’ (E. coli) అనే బ్యాక్టీరియా అయితే 100 మిల్లీలీటర్లలో అసలు కనబడకూడదు. చాలామంది కాచుకుని తాగితే సరిపోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మరకలతో మొదలై కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోయేదాకా వెళ్తుంది. ముసలితనంలో కీళ్లనొప్పులు మామూలే అనుకుని అసలు కారణం తెలియకుండానే ఉండిపోయేవాళ్లు ఉంటారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల పళ్లను గమనించండి, నవ్వినప్పుడు కనబడుతుంది.

ఇంట్లోనే బావి లేదా బోరు ఉంటే మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు దానికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి, 30 మీటర్లు ఉంటే ఇంకా నయం. ఇది మీ ట్యాంకుకే కాదు, పక్కింటివాళ్ల ట్యాంకుకు కూడా వర్తిస్తుంది.

కరెంటు, ఫోన్ సిగ్నల్?

ఇంటి లోపల, వెనక గదిలో, తలుపు వేసి ఫోన్ చేసి చూడండి. వాకిట్లో సిగ్నల్ వస్తే సరిపోదు, పడిపోయేది బాత్రూమ్‌లో. కరెంటు రోజుకు ఎన్ని గంటలు పోతుందో, గాలివానకు పోతే ఎన్ని రోజులకు వస్తుందో అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు యంత్రం) వాడేవాళ్లు ఉంటే ఇన్వర్టర్‌తో పాటు సిలిండర్ కూడా ఉండాల్సిందే.

కొండ ప్రాంతం చల్లగా ఉంటుంది కదా, అక్కడికి వెళ్తే?

వేడి పడనివాళ్లకు మంచిదే. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంచేత ఒక మోస్తరు ఎత్తు కూడా ఎండాకాలాన్ని చాలా తేలిక చేస్తుంది. కానీ ఎత్తుతో పాటు గాలి పలచబడుతుంది. 2,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు నాలుగో వంతు తక్కువ. ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత ఉన్నవాళ్లు అంత ఎత్తుకు మారేముందు డాక్టర్‌ను అడగకుండా అడుగు వేయకూడదు. ఇంకో సంగతి, కొండ ఊళ్లలో వీధి అంటే మెట్లే. అరవైలో అవి వ్యాయామం. డెబ్బై ఐదులో అవే మనల్ని ఇంట్లో కూర్చోబెడతాయి. కొండ పైన కాకుండా, పాదం దగ్గర కాస్త సమతలంగా ఉన్న ఊరికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

వరద, కార్చిచ్చు, కొండచరియలు?

గోడల మీద పాత నీటి మరకలు చూడండి, ఊళ్లో అందరికంటే పెద్ద వయసు మనిషిని అడగండి. ఊరి నుంచి బయటపడటానికి రెండు దారులు ఉండాలి. ఒకటే వంతెన మీద ఆధారపడిన ఊరైతే, అది మునిగిన రోజు మీకు ఆసుపత్రి లేదు.

ఊరు నిలబడుతుందా, ఖాళీ అవుతుందా అనేది ఎలా తెలుస్తుంది?

ఇది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే మనం ఇరవై, పాతికేళ్లకు ఊరు ఎంచుకుంటున్నాం. జపాన్‌లో అకిరా ఓనో అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో ‘గెంకాయ్ షూరాకు’ అనే మాట తెచ్చారు. సగం మందికి పైగా 65 దాటినవాళ్లే ఉండి, దారులు బాగుచేసుకోవడం, చావుబతుకుల్లో కలిసి నిలబడటం లాంటి ఊరుమ్మడి పనులు సాగడం కష్టమైన పల్లె అని దానర్థం. అక్కడ ఊరు ఒక్కరోజులో పోలేదు. బడి మూతపడింది, బస్సు తగ్గింది, కొట్టు మూసేశారు, డాక్టర్ రావడం మానేశారు, ఒక్కొక్కటిగా.

అందుకే రిటైరైనవాళ్లకు బడితో పనేమిటి అనుకోకండి. ఊళ్లో బడి నిండుగా నడుస్తోందంటే అక్కడ ముప్పై ఏళ్ల తల్లిదండ్రులు ఉన్నారన్నమాట. మీ పైపు పగిలినా, సిలిండర్ మోయాలన్నా, రాత్రిపూట కుర్చీ పట్టుకోవాలన్నా వాళ్లే రావాలి. మా పెదనాన్న కుర్చీ పట్టుకున్న నలుగురిలో ముగ్గురు ఊళ్లో కుర్రాళ్లే. ఉదయం బడి వేళకు వెళ్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. సాయంత్రం ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ లెక్కపెట్టండి. కొత్తగా కడుతున్న ఇళ్లు ఉన్నాయా, అవి ఉండటానికా, సెలవులకు వచ్చిపోవడానికా అని అడగండి. సెలవుల ఇళ్లే ఎక్కువున్న చోట పండగ రోజుల్లో సందడి, మిగతా ఏడాదంతా తాళాలు.

సొంత ఊరికే వెళ్దామనుకుంటున్నాం. అయినా ఇవన్నీ చూడాలా?

చూడాలి. మీ మనసులో ఉన్నది నలభై ఏళ్ల కిందటి ఊరు. అప్పటి మనుషుల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అని ఒక కాగితం మీద రాసుకుని చూడండి, కాస్త బాధగా ఉంటుంది గానీ పనికొస్తుంది. సొంత ఊళ్లో ఒక పెద్ద లాభం, మీరెవరో చెప్పుకోనక్కర్లేదు. పాత ఆస్తి తగాదాలు ఉంటే మాత్రం అవి కూడా మిమ్మల్ని గుర్తుపడతాయి. అన్నదమ్ములతో పంపకాలు తేలకుండా అక్కడ ఇల్లు మొదలుపెట్టకండి.

ఎవరూ తెలియని ఊళ్లో కలిసిపోగలమా?

కలవచ్చు, కాకపోతే సమయం పడుతుంది, మొదటి అడుగు మీరే వేయాలి. కొత్తగా వచ్చినవాళ్ల పట్ల ఊరివాళ్లకు ఉండే బెరుకు సహజం. వీళ్లు ఉంటారా, రెండేళ్లకు అమ్ముకుని పోతారా అని చూస్తారు. ఊళ్లో పనివాళ్లను పిలవండి, ఊళ్లో కొట్లోనే కొనండి, ఊరి సమస్య గురించి మొదటి ఏడాదే సలహాలు ఇవ్వకండి. మీకు వచ్చిన పని ఏదైనా, లెక్కలు చెప్పడమో దరఖాస్తులు రాసిపెట్టడమో, అడిగినవాళ్లకు చేసిపెట్టండి. పెద్దమ్మ బ్యాంకు ఫారాలు నింపిపెట్టేది. పెదనాన్న పోయాక ఆమె ఒక్కతే ఉన్న మూడేళ్లూ ఉదయం తలుపు తీయడం ఆలస్యమైతే ఎవరో ఒకరు వచ్చి పిలిచేవారు.

నలుగురూ కలిసే చోటు ఊళ్లో ఉందో లేదో చూడండి. గ్రంథాలయమో, చెట్టు కింద బల్లో, ఏదైనా సరే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి.

పిల్లలకు దగ్గరగా ఉండాలా?

పిల్లలు ఉన్న చోటును బట్టే ఊరు ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు, ఉద్యోగాలు వాళ్లను ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్తాయో వాళ్లకే తెలియదు. అయితే వాళ్లు బయల్దేరిన రోజే చేరుకోగలిగేలా ఉండాలి. రైల్వే స్టేషన్ నుంచో విమానాశ్రయం నుంచో మీ ఇంటికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. నిర్ణయం అయ్యాక చెప్పడం కాకుండా, ఊళ్లు చూసేటప్పుడే వాళ్లను ఒకసారి వెంట తీసుకెళ్లండి. రేపు పరుగెత్తుకు రావాల్సింది వాళ్లే.

ఊళ్లో ఉండాలా, ఊరి బయట పొలంలోనా?

ఊళ్లో, లేదా ఊరికి ఆనుకుని. పొలం మధ్యలో ఇల్లు ఎంత అందంగా ఉన్నా, కేక వేస్తే వినబడే దూరంలో మనిషి లేని చోట 75 దాటినవాళ్లు ఒంటరిగా ఉండటాన్ని నేను ప్రోత్సహించను. 65 దాటినవాళ్లలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది కిందపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పడటం కంటే, పడి లేవలేక గంటల తరబడి అలాగే ఉండిపోవడం ప్రమాదం. పొలం మీద మక్కువ ఉంటే పొలం అక్కడ, ఇల్లు ఇక్కడ పెట్టుకోండి.

చుట్టూ ఏముందో కూడా చూడండి. కోళ్ల ఫారం, క్వారీ, ఇటుక బట్టీ, చెత్తకుప్ప, గాలి ఎటు నుంచి వీస్తే ఆ వాసనా దుమ్మూ అటు వస్తాయి. కోతల తర్వాత పొలాలు తగలబెట్టే చోట ఆ కొన్ని వారాలు ఆయాసం ఉన్నవాళ్లకు నరకం.

ఇల్లు ఎలా ఉండాలి?

ఒకే అంతస్తు, లేదా కనీసం పడకగది, బాత్రూమ్, వంటగది కిందే ఉండాలి. తలుపులు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు, అంటే తెరిచాక 32 అంగుళాల ఖాళీ. బాత్రూమ్‌లో కుర్చీ తిప్పుకోవాలంటే ఐదడుగుల చోటు కావాలి. గుమ్మం ముందు ర్యాంపు కట్టడానికి స్థలం ఉందా చూసుకోండి, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు పడుతుంది. మూడడుగుల పునాది ఎత్తున్న ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది గానీ ర్యాంపు 36 అడుగులు. పెద్ద తోట ఉన్న ఇల్లయితే, దాన్ని పదేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి.

కాగితాల సంగతి?

చట్టాలు చోటును బట్టి మారతాయి కాబట్టి స్థానిక లాయర్ తప్పనిసరి, అమ్మేవాళ్లు చూపించిన లాయర్ కాకుండా మీరు వెతుక్కున్న లాయర్. పల్లె ఆస్తుల్లో తరచూ తగిలే చిక్కులు కొన్ని ఉన్నాయి. వారసులందరూ సంతకం చేయకపోవడం, సాగుభూమిని ఇంటిస్థలంగా మార్చకుండానే అమ్మడం, కాగితంలో ఒక కొలత, నేల మీద ఒక కొలత. అన్నిటికంటే ఎక్కువగా నేను చూసింది దారి. ఇంటికి వెళ్లే బాట ఇంకొకరి భూమిలోంచి పోతుంటే, ఆ హక్కు రాతలో ఉండాలి. ‘ఎప్పటినుంచో ఇలాగే నడుస్తున్నాం’ అనే మాట ఆ భూమి చేతులు మారేదాకే చెల్లుతుంది.

కొనేముందు ఎన్నిసార్లు వెళ్లి చూడాలి?

చూడటం కాదు, ఉండాలి. వీలైతే ఏడాది అద్దెకు ఉండండి. వీలుకాకపోతే ఆ ప్రాంతంలో అందరూ చెడ్డ కాలం అనే నెల ఏదో అడిగి, సరిగ్గా ఆ నెలే వెళ్లండి. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఆ నునుపు పోయేది ఆ నెలలోనే. అక్కడ ఉన్నన్ని రోజులూ చుట్టంలా ఉండకండి. బట్టలు ఉతకండి, బ్యాంకు పని పెట్టుకోండి, పంటినొప్పి లేకపోయినా పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఏం చేయాలో తోచక ఎన్నిసార్లు ఫోన్ చూశారో గమనించండి. ఉద్యోగం చేసిన మనుషులకు పల్లెలో బరువయ్యేది ఆ మూడు గంటలే.

మా ఇద్దరిలో ఒకరికి ఇష్టం, ఒకరికి లేదు.

అయితే ఇంకా వేళ కాలేదు. చాలా ఇళ్లలో పల్లె కల ఒకరిది, పల్లెలో పని ఇంకొకరిది అవుతుంది. వద్దంటున్నవాళ్లు ఎందుకు వద్దంటున్నారో ఓపిగ్గా వినండి, ఎక్కువసార్లు వాళ్లే సరిగ్గా ఆలోచిస్తుంటారు. దాదాపు అన్ని దేశాల్లోనూ ఆడవాళ్ల ఆయుర్దాయం మగవాళ్లకంటే ఎక్కువ. అంటే ఆ ఊళ్లో చివరికి ఒంటరిగా మిగిలేది ఎక్కువగా భార్యే. ఊరు ఎంచుకునేటప్పుడు ఆమె మాటకు ఒక పాలు ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

పెదనాన్న ఊరు ఎంచుకున్నప్పుడు పెద్దమ్మను అడిగారు. ‘మీ ఇష్టం’ అంది. అది ఒప్పుకోవడం కాదని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నగరంలో ఉన్న ఇల్లు అమ్మేయాలా?

మొదటి రెండేళ్లు అమ్మకండి, అద్దెకు ఇవ్వండి. పల్లెలో ఇల్లు కొనడం తేలిక, అమ్మడం కష్టం. కొనేవాళ్లు తక్కువ, బేరం నెలలు పడుతుంది. వెనక్కి వచ్చే దారి తెరిచి ఉందని తెలిస్తే కొత్త ఊళ్లో కూడా నిశ్చింతగా ఉంటారు. ఉన్న డబ్బంతా ఇంటి మీదే పెట్టేయకండి, సాయానికి మనిషిని పెట్టుకోవాల్సిన రోజుకు కొంత విడిగా ఉంచుకోండి.

వెళ్లాక కుదరకపోతే, ఎప్పుడు తిరిగి రావాలి?

బయల్దేరకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రాసుకోండి. మా పెద్దమ్మ ఆయన పోయిన ఏడాది ఒక నోట్‌బుక్ వెనకపేజీలో మూడు గుర్తులు రాసుకుంది: రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి భయం వేస్తే, మందులు వేసుకున్నానో లేదో వారంలో రెండుసార్లు మర్చిపోతే, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గడిస్తే. ముందు పేజీల్లో పెద్ద పెద్ద అక్షరాలతో ఫోన్ నంబర్లు, ఒక్కో పేజీకి రెండే. మూడో ఏడాది చలికాలంలో మొదటి గుర్తు వచ్చింది. ఆమే ఫోన్ చేసి, ‘ఒరే, ఇక వచ్చి తీసుకెళ్లు’ అంది. నేను వెళ్లేసరికి పెట్టె సర్దుకుని, ఇంటి తాళంచెవి ఎదురింటి అమ్మాయి చేతిలో పెట్టి, వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది.